మెట్లకి టేకు, నేలకి ఓక్: రంగు కంటే ముందు మందం చూడండి

అమ్మా, ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. ఎండాడలో డూప్లెక్సు కట్టుకుంటున్నారు. కిందా పైనా హాళ్ళకీ గదులకీ లేత రంగు ఇంజినీర్డ్ ఓక్ (పైన అసలు ఓక్ పొర, కింద ప్లై ఉండే పలక) ఎంచుకున్నారు, 15 ఎంఎం మందం, మెరుపు లేని ఫినిషు. అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. మెట్లు కాంక్రీటువి, ఇంకా గరుకుగానే ఉన్నాయి. ఇంటీరియర్ కుర్రాడు అదే ఓక్ పలకల్ని మెట్ల మీద కూడా పరిచేసి అంచుకి ఒక పట్టీ కొట్టేద్దామంటున్నాడు. మీ వడ్రంగి మెట్లంటే టేకే అంటున్నాడు. భీమిలిలో తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు పక్కన పెట్టించిన ఆరు టేకు దూలాలు షెడ్డులో ఉన్నాయి కాబట్టి మీ మనసు కూడా అటే లాగుతోంది. కాకపోతే ముదురు టేకు మెట్లు లేత ఓక్ నేల పక్కన ఎబ్బెట్టుగా ఉంటాయేమోనని దిగులు. పాలిష్ మేస్త్రి మాత్రం "ఓక్ రంగు తెప్పించేస్తానమ్మా, తేడా కనిపించదు" అని హామీ ఇచ్చాడు.

మీ వడ్రంగి చెప్పింది చెయ్యండి. పాలిష్ మేస్త్రి హామీని మర్యాదగా పక్కన పెట్టండి. ఎందుకో చెబుతాను. విశాఖలో కలప పనులు చేయిస్తూ ముప్పై ఏళ్ళు దాటింది, ఇందులో కొన్ని సంగతులు నా చేతులు కాలాక తెలిసినవే.

రంగు సంగతి ముందు తేల్చేస్తాను, మీరడిగింది అదే కాబట్టి. అసలు చిక్కు మాత్రం అక్కడ లేదు.

పూర్ణా మార్కెట్లో మ్యాచింగ్ బ్లౌజు గుడ్డ కొనేటప్పుడు మీరేం చేస్తారో గుర్తు చేసుకోండి. షాపులో ట్యూబులైటు కింద సరిగ్గా కలిసినట్టే ఉంటుంది. అయినా నమ్మరు. చీర కొంగూ గుడ్డా రెండూ పట్టుకుని వీధిలోకి వచ్చి ఎండలో చూస్తారు. అక్కడ ఒకటి పసుపు తిరుగుతుంది, ఇంకోటి ఎరుపు తిరుగుతుంది. కర్ర కూడా అంతే. ఓక్ రేఖలు వేరు, టేకు రేఖలు వేరు, వెలుతురు పడితే రెండూ మెరిసే తీరు వేరు. పొద్దున్న తూర్పు కిటికీ వెలుగులో కలిసిన రంగు రాత్రి పసుపు ఎల్‌ఈడీ కింద విడిపోతుంది. నెమలికంఠం చీర మీద ఎర్ర బ్లౌజు వేసుకుంటే కావాలనే వేసుకుందంటారు. ఒక్క పిసరు తేడా ఉన్న నీలం వేసుకుంటే పాపం దొరకలేదు కాబోలు అంటారు. మెట్ల దగ్గర నేను చూసిన సొగసు చెడగొట్టే పనుల్లో సగం ఈ 'పాపం దొరకలేదు' రకమే.

పైగా ఆ రంగులు ఉన్నచోట ఉండవు. కొత్తగా చిత్రిక పట్టిన టేకు మచ్చలు మచ్చలుగా, ఒక్కోచోట పచ్చగా కూడా ఉంటుంది. కొన్ని వారాలు వెలుతురు తగిలాక ఆ మచ్చలు సర్దుకుని బంగారు గోధుమ రంగుకి తిరుగుతుంది. ఓక్ మీద ఫ్యాక్టరీలో వేసిన పూత దాని లెక్కలో అది మారుతుంది. ఈ రోజు మీరు ఎంత కష్టపడి రెండింటినీ ఒకటి చేసినా, రెండేళ్ళకి అవి ఎవరి దారిన అవి వెళ్తాయి. మొదటే తేడాగా పెట్టుకుంటే ఎంత మారినా తేడాగానే, అందంగానే ఉంటాయి.

ఇక పాలిష్ మేస్త్రి తెప్పిస్తానన్న ఓక్ రంగు. ముదురు కర్రని లేతగా చెయ్యాలంటే తెల్లటి స్టెయిను పైపైన పట్టించాలి, లేదా బ్లీచి కొట్టాలి. అద్దం ముందు బల్లకైతే సరే. మెట్టు మధ్యలో రోజుకి నలభైసార్లు కాలు పడుతుంది, అదీ కింద ఇసుకతో. మన ఊళ్ళో చెప్పుల్లోనూ పాదాల్లోనూ ఇసుక రాకుండా ఉండదు, అది గరుకు కాగితంతో సమానం. ఏడాది తిరిగేసరికి ప్రతి మెట్టు నడుమా టేకు బయటపడుతుంది, పక్కలు తెల్లగా మిగిలిపోతాయి. అప్పుడు ఆ మేస్త్రి ఫోను ఎత్తడు.

మీ ఇంట్లో టేకు ఒంటరి కాదన్నది కూడా చూసుకోండి. సింహద్వారం టేకు అని మీరే రాశారు, దేవుడి గది తలుపులు కూడా. నేల మొత్తం లేత ఓక్ పరిచి, మెట్లు కూడా ఓక్ చేసేస్తే ఆ రెండు తలుపులూ ఎక్కడినుంచో తెచ్చి పెట్టినట్టుంటాయి. మెట్ల పలకలు, చేతికర్ర, సింహద్వారం, దేవుడి గది, ఈ నాలుగూ ఒకే కుటుంబం అనుకోండి. నేల వాళ్ళు కూర్చునే చాప. నేను కట్టించిన ఇళ్ళలో ఈ లెక్క తప్పలేదు.

ఇంటీరియర్ కుర్రాడి ఆలోచన పూర్తిగా కొట్టిపారెయ్యను. అదే కంపెనీ అదే రంగులో మెట్ల కోసమని తయారుచేసిన గట్టి ఓక్ పలకలు, అంచు కలిసి వచ్చేవి, తెప్పించగలిగితే ఒకే రంగు మెట్లు బాగానే ఉంటాయి, ఖర్చు ఉంటుంది. కానీ అతను చెప్పేది నేల పలకనే కోసి మెట్టు మీద అతికించి ముందు అల్యూమినియం పట్టీ కొట్టడం. ఇంజినీర్డ్ పలకలో పైన ఉండే అసలు ఓక్ మందం బ్రాండుని బట్టి 2 నుంచి 6 ఎంఎం, చవకవాటిలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కింద ఉన్నదంతా ప్లై. మెట్టుకి దెబ్బ తగిలేదీ అరిగేదీ ముందు అంచు దగ్గర. సరిగ్గా అక్కడే పలకని కోసి, లోపలి ప్లైని బయటపెట్టి, దాన్ని ఒక రేకుతో కప్పుతున్నారు. రేకు ఊడిన రోజు మీకే తెలుస్తుంది. మీ పెట్టె మీద పై పొర ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉంటుంది, ఒకసారి చదవండి.

టేకు గట్టిది కాబట్టి మెట్లకి మంచిదని మీ వడ్రంగి అన్నాడట. మాట సరైనదే, కారణం తప్పు. కర్ర గట్టితనాన్ని కొలిచే జాంకా పరీక్షలో 11.28 ఎంఎం ఉక్కు గుండుని సగం దాకా కర్రలోకి దిగేలా నొక్కుతారు. దానికి టేకులో సుమారు వెయ్యి పౌండ్ల బలం చాలు, తెల్ల ఓక్‌లో 1,360 దాకా కావాలి. గట్టితనంలో మీ నేలే మీ మెట్ల కంటే మిన్న. టేకు గొప్పతనం కదలకుండా ఉండటంలో ఉంది. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి అడ్డంగా టేకు ఆరు శాతం లోపే కుంచించుకుపోతుంది, తెల్ల ఓక్ పదిన్నర శాతం. విశాఖలాంటి ఊళ్ళో చూడాల్సింది ఈ రెండో లెక్క. మన గాలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ 70 శాతం పైనే. ఆ గాలిలో కర్ర తన ఒంట్లో 14, 15 శాతం నీరు ఉంచుకుంటుంది. ఏసీ రోజంతా నడిచే గదిలో అది 10 దగ్గరికి దిగుతుంది. పదకొండు అంగుళాల వెడల్పున్న గట్టి పలక ఈ తేడాకి టేకులోనైతే రెండు మిల్లీమీటర్లు, ఓక్‌లోనైతే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు కదులుతుంది. మీ నేల ఇంజినీర్డ్ రకం కాబట్టి, లోపల అడ్డపొరలు పట్టి ఉంచుతాయి కాబట్టి, బతికిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు.

మీ మేస్త్రి కాంక్రీటు మెట్లు ఒక్కోటీ 7 అంగుళాలు, అంటే 178 ఎంఎం ఎత్తున పోశాడు. కింద నుంచి మధ్య ల్యాండింగుకి తొమ్మిది, అక్కడినుంచి పైకి తొమ్మిది, మొత్తం పద్దెనిమిది ఎత్తులు. ఇప్పటికి అన్నీ సమానంగానే ఉన్నాయి. మీరు ప్రతి మెట్టు మీదా 30 ఎంఎం టేకు వేస్తారు, మధ్య ల్యాండింగూ అంతే లేస్తుందనుకుందాం. కింది హాల్లోనూ పై హాల్లోనూ 2 ఎంఎం ఫోమ్, దాని మీద 15 ఎంఎం ఓక్, అంటే 17 ఎంఎం. మధ్య మెట్లన్నీ 30 చొప్పున కలిసి లేస్తాయి కాబట్టి వాటి మధ్య ఎత్తు 178 గానే ఉంటుంది. మొదటి మెట్టు చూడండి: 178కి 30 కలిపి, నేల లేచిన 17 తీసేస్తే 191. చివరి ఎత్తు: పై హాలు 17 మాత్రమే లేచింది, కింద మెట్టు 30 లేచింది, అంటే 178లో 13 పోయి 165. మొదటిదానికీ చివరిదానికీ అంగుళం పైన తేడా. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇంటి మెట్టు 190 ఎంఎం మించకూడదంటుంది, మీ మొదటి మెట్టు దాన్ని దాటేసింది. అమెరికా వాళ్ళ ఇళ్ళ కోడ్‌లో ఒకే వరుసలో అన్నిటికంటే ఎత్తైన మెట్టుకీ పొట్టి మెట్టుకీ తేడా 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు మించకూడదు. మీ రెండు వరుసల్లోనూ ఆ తేడా 13.

మెట్లెక్కేటప్పుడు మనం మొదటి రెండు మెట్లే చూస్తాం. తర్వాత కాలే లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క తప్పిన చోట మనిషి పడతాడు.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నేను కొత్తలో లాసన్స్ బే వైపు ఒక ఇంటికి టేకు మెట్లు చేయించాను. పని ముద్దుగా వచ్చింది, ఇంటాయన పదిమందికి చూపించాడు. ఆ ఇంట్లో పెద్దావిడ మాత్రం రోజూ పై మెట్టు దగ్గర తడబడేది. కాఫీ గ్లాసుతో వస్తే సాసర్లో ఒలికేది. చూపు మందగించిందని కళ్ళజోడు మార్పించారు. అయినా అంతే. ఒకరోజు వేరే పని మీద వెళ్ళి, కాలక్షేపానికి టేపు పెట్టి కొలిచాను. పై మెట్టు మిగతావాటికంటే అంగుళానికి కాస్త తక్కువ పొట్టి. తప్పు నాదే. పలకలన్నీ విప్పించి, సొంత డబ్బుతో చిత్రిక పట్టించి పల్చన చేసి మళ్ళీ బిగించాను. పెద్దావిడ ఆ తర్వాత తడబడలేదు. పాత కళ్ళజోడే వాడుకుంది కూడా.

అప్పటినుంచి మెట్ల పలక మందం, నేల మొత్తం మందం ఈ రెండూ ఒకటి కాకుండా నేను కర్ర కోయనివ్వను. మీకు ఇంకా నేల పడలేదు కాబట్టి అదృష్టవంతులు. కిందా పైనా, మధ్య ల్యాండింగు మీదా కాంక్రీటు మీద ముందు 12 ఎంఎం నీళ్ళకి తట్టుకునే ప్లై బిగించి, దాని మీద 2 ఎంఎం ఫోమ్, పైన 15 ఎంఎం ఓక్ వెయ్యండి. 12, 2, 15 కలిపితే 29. మెట్టు 30. ఒక్క మిల్లీమీటరు ఏ కాలికీ తెలియదు. ప్లై వద్దనుకుంటే అంత మందం సెల్ఫ్ లెవెలింగు (తనంతట తానే సమంగా పరుచుకునే సిమెంటు పూత) పోయించుకోవచ్చు, కానీ అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఏదైనా సరే గుమ్మాలు బిగించకముందే తేల్చండి. తలుపులు వేళ్ళాడదీశాక నేల 29 ఎంఎం లేచిందంటే ప్రతి తలుపూ కింద కోయించాలి.

ప్లై వెయ్యకముందు కాంక్రీటులో తడి ఉందో లేదో చూడాలి. అడుగున్నర చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న కింద చెమట పట్టినా, కాంక్రీటు నల్లబడినా ఇంకా టైముంది. కింది అంతస్తుకి తడి రాకుండా ఎపాక్సీ ప్రైమరు ఒక కోటు పట్టించమంటాను. ఎండాడ వైపు చెద కూడా ఎక్కువే. టేకు చేవని అది అంత తేలిగ్గా ముట్టదు గానీ మీ ఓక్ కింద ఉన్న ప్లైని వదలదు. చెద మందు కొట్టించారా లేదా అన్నది మీరు రాయలేదు.

దూలాల దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన భాగం. మీరిచ్చిన కొలత ప్రకారం ఒక్కోటి 12 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం. ఒక్కో దూలం రెండు ఘనపుటడుగులు, ఆరు కలిపి పన్నెండు. నాలుగంగుళాల మందంలోంచి రంపం పొట్టు పోను అంగుళంన్నర పలకలు రెండు వస్తాయి, చిత్రిక పట్టాక 30 ఎంఎం దక్కుతుంది. దూలం రెండు కొసలూ తొమ్మిదేసి అంగుళాలు కోసి పారెయ్యండి. గోడలో కూర్చున్న భాగం అదే, తడి తగిలి పుచ్చేదీ చెద ముట్టేదీ అక్కడే. మిగిలిన పదిన్నర అడుగుల్లో మీ మెట్టు వెడల్పు మూడున్నర అడుగుల ముక్కలు మూడొస్తాయి. అంటే దూలానికి ఆరు ముక్కలు. ఆరంగుళాల ముక్కలు రెండు పక్కపక్కన జోడిస్తే, అంచులు సాపు చేశాక పదకొండున్నర అంగుళాల పలక. మీకు కావాల్సింది పది అంగుళాల మెట్టు, ముందుకి పొడుచుకొచ్చే అంచు, అంటే నోసింగు, ఒక అంగుళం, మొత్తం పదకొండు. సరిపోయింది. దూలానికి మూడు మెట్లు, ఆరు దూలాలకి పద్దెనిమిది. మీ మెట్ల పలకలు పదహారు. మిగిలిన రెండూ ల్యాండింగు అంచుకి ఒకటి, పై హాలు అంచుకి ఒకటి. తాతగారు లెక్కేసి దాచినట్టుంది. (పదహారు పలకలూ ఒక ల్యాండింగూ కలిపి పదిహేడు, బేసి సంఖ్యే. అత్తగారికి చెప్పండి.)

చిక్కేమిటంటే, ఒక్క ముక్క పుచ్చినా మీకు తరుగే. కాబట్టి అడితిలో ఒక ఘనపుటడుగు పాత టేకు మాట్లాడి ఉంచుకోండి. కొత్త టేకు తెచ్చి పాతదాని మధ్య కలపకండి, రంగు ఒక్కచోట పలుగురాయిలా పొడుస్తుంది. కలపక తప్పకపోతే ల్యాండింగు అంచుకి వాడండి, మెట్ల వరుస మధ్యలో మాత్రం వద్దు. మన వైపు పాత ఇళ్ళలో రంగూన్ నుంచి ఓడల మీద వచ్చిన బర్మా టేకు ఉండటం మామూలే. మీదీ అదే అయితే చిత్రిక పట్టిన మొదటి రోజు ఆ వాసనకే తెలుస్తుంది. పైన నల్లగా ఉంది కదా అని కంగారుపడకండి, రెండు మిల్లీమీటర్లు దిగితే లోపల బంగారమే.

మిల్లుకి పంపేముందు ప్రతి దూలాన్నీ అయస్కాంతంతో తడిమించండి. పాత పెంకుటింటి దూలంలో వాసాలు కొట్టిన మేకులు, ఉట్టి కొక్కేలు, ఊయల గొలుసు బోల్టులు విరిగి లోపలే ఉండిపోతాయి. రంపం పళ్ళు పోతే మిల్లువాడు మీ దగ్గరే వసూలు చేస్తాడు, అది న్యాయమే. పలకలు కోయించాక నేరుగా బిగించొద్దు. షెడ్డులో ఎండినా లోపలి తడి వేరు. మధ్య మధ్య సన్న బద్దలు పెట్టి, గాలాడేలా మీ కొత్తింట్లోనే, నీడలో, కనీసం నెలరోజులు పేర్చి ఉంచండి. తేమ మీటరు పెట్టి చూస్తే 12 శాతం దరిదాపుల్లో ఉండాలి. 16 చూపిస్తే ఇంకా ఆగాలి. మా దగ్గర పనిచేసిన ఒక ముసలి వడ్రంగి మీటరు నమ్మేవాడు కాదు, పలక చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో కొట్టేవాడు. "ఇంకా ఏడుస్తోంది బాబూ, ఎండనేదు" అనేవాడు. మీటరు కూడా అదే చెప్పేది, కాస్త ఆలస్యంగా.

రెండు ముక్కలు జోడించేటప్పుడు కర్ర కొస మీద కనిపించే వలయాలు ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగేలా పెట్టించండి, అప్పుడు పలక దొప్పలా వంగదు. జిగురు పెట్టేముందు టేకు అంచుని థిన్నరుతో తుడవాలి. టేకులో నూనె ఉంటుంది, తుడవకపోతే జిగురూ పట్టదు, పాలిషూ త్వరగా ఆరదు. ఇంకోటి, చాలామంది వదిలేసేది: పలక కింది వైపుకి కూడా పాలిష్ ఒక కోటు పట్టించండి. పైన మూసేసి కింద వదిలేస్తే కాంక్రీటు తడి కిందనుంచే పీల్చుకుని పలక వంగుతుంది. నేను విప్పిన చెడిపోయిన మెట్లలో మూడొంతులు కింద పచ్చి కర్రే.

బిగించడానికి పీయూ (పాలీయురేథేన్) జిగురు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. మామూలు ఇనప స్క్రూ సముద్రగాలికి ఏడాదిలో తుప్పు పడుతుంది, ఓక్‌లో అయితే తడి తగిలిన ఇనుము చుట్టూ నల్లటి మరక పాకుతుంది, అది సాండింగుకి కూడా పోదు. స్క్రూ తల మీద అదే టేకు బిరడా కొట్టించి సాపు చేయించండి. గోడలు ఎక్కడా మూలమట్టానికి నిలబడవు కాబట్టి ప్రతి మెట్టుకీ విడిగా అట్టముక్క కోసి కొలత తియ్యాలి. రెండు కొసల్లోనూ మూడేసి మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే పక్క స్కర్టింగు కప్పేస్తుంది.

నేలా మెట్లూ కలిసేది పై హాలు అంచు దగ్గర. ఆ ఒక్క అడుగు బాగుంటే అంతా బాగున్నట్టే. అక్కడ టేకు నోసింగు పలకని కాంక్రీటుకి గట్టిగా బిగించాలి. దాని వెనక అంచు లోపల మెట్టులా చెక్కించి ప్లైనీ ఓక్ పలకనీ దానికి ఆనించాలి, పైన వేలితో రాస్తే తగలకూడదు. నేల మీదికెక్కి కూర్చునే రెడీమేడ్ పట్టీ వేస్తానంటే ఒప్పుకోకండి, దిగేటప్పుడు మడమ తగిలేది దానికే. ఓక్ నేల ఫోమ్ మీద తేలుతూ ఉంటుంది, దానికి గోడల వెంట పది పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. నోసింగు దగ్గర మాత్రం ఖాళీ కనిపించకూడదు. కాబట్టి ఆ హాలు వరకు ఫోమ్ తీసేసి, ఆ 2 ఎంఎం జిగురు మందంలోకి సర్దేసి, ఓక్‌ని ప్లైకి పూర్తిగా అంటించెయ్యండి. కదలిక ఎదుటి గోడవైపు వదలండి, పడకగదుల గుమ్మాల దగ్గర పట్టీ ఇచ్చి వేరు చెయ్యండి. ఆ గదుల్లో ఏసీ, హాల్లో సముద్రగాలి, రెండూ ఒకే తీరుగా కదలవు.

ల్యాండింగు మీద ఓక్ పరిచి, అంచుకి టేకు. దాంతో కింద హాల్లో కనిపించిన లేత ముదురు జంట మధ్యలోనూ పైనా మళ్ళీ కనిపిస్తుంది. ఓక్ పలకలు మొదటి మెట్టుకి ఎదురుగా, లేదా సమాంతరంగా, ఎటైనా హాలు పొడవుని బట్టి వెయ్యండి, ఐమూలగా మాత్రం వద్దు. మెట్టు నిలువు భాగానికి చెక్క అవసరం లేదు. సాపుగా ప్లాస్టరు చేయించి, లప్పం పెట్టి, గోడ రంగు కంటే ఒక పిసరు ముదురు క్రీము రంగు ఎనామిల్ వేయించండి. కాలి బొటనవేలు తగిలే చోటు, తుడిస్తే పోవాలి. క్రీము రంగు నిలువు, టేకు పలక, కింద లేత ఓక్, ఈ మూడూ కలిస్తే మీ దిగులు తీరిపోతుంది.

మెరుపు గురించి ఒక మాట. రంగు కంటే మెరుపు తేడాయే కంటికి ముందు తగులుతుంది. నేల మ్యాట్ అయితే మెట్లూ మ్యాటే. మన పాలిష్ వాళ్ళకి అద్దంలా మెరవకపోతే పని చేసినట్టే ఉండదు, వాళ్ళతో ఈ ఒక్క విషయంలో గొడవ పడండి. మెరిసే మెట్టు జారుతుంది కూడా. బయటినుంచి రాగానే కాళ్ళు కడుక్కుని తడి పాదాలతో మెట్లెక్కే వాళ్ళం మనం. నోసింగుకి అంగుళం లోపలగా సన్న గాడులు రెండు తీయించండి, తడిలో బొటనవేలికి పట్టు దొరుకుతుంది. పాలిష్ నమూనా అగ్గిపెట్టంత ముక్క మీద చూడకండి. కోసేసిన దూలం కొసల్లో మంచి భాగం అర అడుగు ముక్క తీసుకుని, అన్ని కోట్లూ వేయించి, మీ ఓక్ శాంపిల్ పక్కన నేల మీద పెట్టి, నిలబడి చూడండి. పొద్దున్న ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి. నేలకి ఫ్యాక్టరీ పూత వచ్చేసింది, ఇక మారదు. మార్చుకోగలిగేది మెట్ల పాలిషే.

ఇంత తేమ గోల ఎందుకంటారేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు ఊళ్ళో ఉంటే నేను చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పోయి వాన అడ్డంగా ఇళ్ళలోకి కొట్టింది, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత నేను చూడ్డానికి వెళ్ళిన ఒక అపార్టుమెంటులో లామినేటు నేల అప్పడంలా పొంగి లేచిపోయింది. "ఏటి సేత్తాం బాబూ, మొత్తం పొంగిపోనాది" అని వాచ్‌మెన్ బకెట్లతో ఎత్తిపోస్తున్నాడు. అదే ఇంట్లో టేకు మెట్లకి పాలిష్ తెల్లబడింది, అంతే. ఎండాక సాండింగు చేసి మళ్ళీ పూత వేశాం. తుఫాను రోజూ రాదు గానీ శుక్రవారం బకెట్ నీళ్ళతో ఇల్లు కడగడం మన అలవాటు. దాన్ని మానేసి, పిండిన గుడ్డతో తుడవమని పనమ్మాయికి మొదటి రోజే చెప్పండి.

చేతికర్ర కూడా టేకే, మెట్ల పాలిషే. గ్రిల్లు స్టీలు పెట్టేట్టయితే 316 రకం అడగండి, మీ ఇంటినుంచి సముద్రం దూరం కాదు, 304 మీద చుక్కలు చుక్కలుగా తుప్పు వస్తుంది. కింది స్తంభం తల మీద ఏటికొప్పాక వాళ్ళ చేత అంకుడు కర్రతో లక్క గుండు తిప్పించి పెట్టాలని మీకు సరదా ఉందన్నారు. పెట్టండి. ఎండ నేరుగా తగిలే చోట మాత్రం కాదు, లక్క మెత్తబడుతుంది.

పలకలు ఎండటానికి వానాకాలం పనికిరాదు. అక్టోబరు ముసుర్లు పోయాక కోయించి, సంక్రాంతి దాటాక బిగించుకోండి. మెట్లకంటే ముందు ప్లై, తర్వాత టేకు పలకలు, తర్వాత ఓక్, చివరి పాలిష్ కోటు ఓక్ మీద అట్టలు కప్పి వేయించుకోవాలి. ఈలోపు మీ మేస్త్రి చేత పద్దెనిమిది ఎత్తులూ రసమట్టం పెట్టి విడివిడిగా కొలిపించండి. అన్నీ 178 అని నోటితో చెప్పడం వేరు, కాంక్రీటులో పది మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండటం మామూలే. ఆ పద్దెనిమిది అంకెలూ వరుసగా రాసి పంపండి, ఎక్కడ ఎంత లప్పం పెట్టాలో, ఎక్కడ చెక్కాలో చూసి చెబుతాను.